కెమేరా మతాంతరం: ఒక లెక్కల మనిషి పరిశీలన

1936లో జపానులో "హన్సా కెనాన్" అనే చిన్న కెమేరా అమ్మకానికి వచ్చింది. ఇవాళ మనం కెనాన్ అని పిలిచే సంస్థ బజారుకు తెచ్చిన మొదటి కెమేరా అదే. దాని ముందు బిగించిన లెన్సు మాత్రం ఆ సంస్థది కాదు. నిప్పన్ కొగాకు అనే మరో సంస్థ దాన్ని చేసి ఇచ్చింది. లెన్సు మీద "నిక్కోర్" అని చెక్కి మరీ ఇచ్చింది. ఆ నిప్పన్ కొగాకు పేరే తర్వాత నికాన్ అయింది.

అంటే మొట్టమొదటి కెనాన్ కెమేరా నికాన్ కన్నుతో లోకాన్ని చూసింది. ఈ సంగతి నేను ఫోటోగ్రాఫర్లకు చెబితే చాలామంది నమ్మరు. కొందరికి కోపం కూడా వస్తుంది. "మేము నికాన్ వాళ్ళం", "మాది కెనాన్ కుటుంబం" అని చెప్పుకునేవారి మాట తీరు గమనించండి. శైవులూ వైష్ణవులూ కొట్టుకున్నప్పుడు ఇలాగే మాట్లాడి ఉంటారు. ఎవరి పురాణం వారికుంది, ఎవరి మహిమలు వారికున్నాయి. అవతలి శిబిరం కొత్త కెమేరా విడుదల చేస్తే చాలు, ఇవతలి శిబిరంలో కలవరం మొదలవుతుంది. మారాలా? ఉండాలా? మారితే ద్రోహమా? ఉంటే వెనకబాటా?

హేతువాదులు బాబాల గురించీ వాస్తు గురించీ రాస్తే బాగుంటుంది గానీ కెమేరాల గోల మనకెందుకు అనుకోవచ్చు. దేవుణ్ణి నమ్మనివాడు కూడా కంపెనీని నమ్ముతాడు. నమ్మకం పుట్టే దారి, నిలబడే దారి రెండు చోట్లా ఒకటే. పైగా కెమేరాల చరిత్రలో తేదీలూ కొలతలూ దొరుకుతాయి. పరీక్షించడానికి వీలైన నమ్మకం మనకు తరచుగా దొరకదు.

దేవత పేరుతో మొదలు

కెనాన్ పేరు వెనక దేవతే ఉంది. 1934లో ఆ సంస్థ వ్యవస్థాపకులు చేసిన నమూనా కెమేరాకు "క్వానన్" అని పేరు పెట్టారు. జపాను బౌద్ధుల కరుణామూర్తి కన్నన్ పేరు అది. మన అవలోకితేశ్వరుడే అక్కడికి వెళ్ళి ఆ రూపం దాల్చాడు. దాని లెన్సుకు బుద్ధుడి శిష్యుడు కాశ్యపుడి పేరు పెట్టారు. అమ్మకానికి వచ్చేసరికి పేరు కెనాన్‌గా మారింది, కాశ్యపుడి చోట నిక్కోర్ వచ్చింది. వ్యాపారం మొదలుపెట్టాక వాళ్ళు దేవత పేరు మీద ఆధారపడలేదు. ఆ రోజు ఎవరి లెన్సు బాగుంటే వాళ్ళ దగ్గర కొన్నారు. కెమేరా చేసినవాడికే లేని పట్టింపు, కొన్నవాడికి ఎందుకుండాలి?

1950: పేరు కాదు, పరీక్ష

కంపెనీ మారడం గురించిన చరిత్రలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1950 నాటిది. అప్పటికి ఫోటోగ్రఫీ లోకంలో లైకా, కాంటాక్స్ అనే జర్మన్ పేర్లే పేర్లు. జపాను సరుకంటే చౌకబారు నకలు అని అమెరికా, యూరపులలో అభిప్రాయం. అది పూర్తిగా నిరాధారం కూడా కాదు. నికాన్ తొలి కెమేరాల లెన్సు బిగింపు కాంటాక్స్‌ను చూసి చేసినదే.

ఆ సంవత్సరం "లైఫ్" పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉన్నాడు. జున్ మికీ అనే జపాను ఫోటోగ్రాఫర్ 85 మిల్లీమీటర్ల నిక్కోర్ లెన్సుతో డంకన్ బొమ్మ తీసి, పెద్దది చేసి చూపించాడు. డంకన్‌కు ఆశ్చర్యం వేసింది. ఇక్కడ ఆగిపోతే అది మహిమ కథ అయ్యేది. ఆయన ఆగలేదు. నిప్పన్ కొగాకు కర్మాగారానికి వెళ్ళి, లెన్సులను ప్రొజెక్షన్ యంత్రం మీద పెట్టించి, పక్కపక్కన పోల్చి చూశాడు. నిక్కోర్ నిలబడింది. కొన్నాళ్ళకే, 1950 జూన్‌లో, కొరియా యుద్ధం మొదలైంది. డంకన్ నిక్కోర్ లెన్సులతో యుద్ధభూమికి వెళ్ళాడు. ఆ డిసెంబరులో "న్యూయార్క్ టైమ్స్" జపాను లెన్సుల గురించి రాసింది. నికాన్ పేరు అమెరికాలో పాకడం అక్కడే మొదలైంది.

ఇందులో రెండు విషయాలు చూడాలి. మొదటిది, డంకన్ కెమేరా మార్చలేదు. లైకా కెమేరానే ఉంచుకుని దాని మరకే నిక్కోర్ లెన్సు బిగించుకున్నాడు. ఏ భాగంలో తేడా రుజువైందో ఆ భాగం వరకే మార్చాడు. మతాంతరమైతే అంతా మారాలి. పనిముట్టు విషయంలో అలాంటి నియమం లేదు.

రెండవది, ఆయన తర్వాత వచ్చినవారందరూ లెన్సులను పోల్చి చూసి ఉండరు. డంకన్ వాడాడు కాబట్టి వాడినవారూ ఉండి ఉంటారు. ఒకడి పరీక్ష పదిమందికి ఆప్తవాక్యం అయింది. ఫలితం మంచిదే కావచ్చు. పద్ధతి మాత్రం పాతదే.

1987: రెండు మిల్లీమీటర్లు

లెన్సును కెమేరాకు బిగించే లోహపు ఉంగరాన్ని మౌంటు అంటారు. కంపెనీ మారడంలో అసలు ముడి అక్కడే ఉంది. కెమేరా పోతే ఒకటి పోతుంది. మౌంటు మారితే లెన్సులన్నీ పోతాయి.

నికాన్ 1959లో ఎఫ్ మౌంటు పెట్టింది. కెనాన్ 1971లో ఎఫ్‌డీ మౌంటు తెచ్చింది. 1985లో మినోల్టా 7000 అనే కెమేరా విడుదలై ఇద్దరినీ కుదిపేసింది. కెమేరాలోనే మోటారు పెట్టి, దానంతట అదే ఫోకస్ చేసే పద్ధతిని సామాన్యుడికి పనికొచ్చేలా అందించిన మొదటి ఎస్సెల్లార్ అది.

ప్రత్యర్థులు రెండు దారులు పట్టారు. నికాన్ 1986లో పాత మౌంటులోనే ఆటోఫోకస్ ఇమిడ్చింది. కెనాన్ 1987 మార్చిలో ఎఫ్‌డీని పక్కన పడేసి, ఈఎఫ్ అనే కొత్త మౌంటు తెచ్చింది. ఇందులో లెన్సుకూ కెమేరాకూ మధ్య మీటలూ కడ్డీలూ ఉండవు, విద్యుత్ సంకేతాలే ఉంటాయి. మోటారు ప్రతి లెన్సులోనూ ఉంటుంది.

ఎఫ్‌డీ లెన్సు మౌంటు నుంచి ఫిల్ముకు దూరం 42 మిల్లీమీటర్లు. ఈఎఫ్‌లో 44. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పాత కెనాన్ లెన్సు కొత్త కెనాన్ కెమేరా మీద దూరపు వస్తువులను ఫోకస్ చేయలేదు. మధ్యలో అదనపు గాజు పెడితే తప్ప కుదరదు. నికాన్ ఎఫ్ మౌంటు దూరం 46.5 మిల్లీమీటర్లు, అంటే 44 కన్నా ఎక్కువ. కాబట్టి మధ్యలో ఒక పలచని ఉంగరం వేస్తే, నికాన్ లెన్సు కొత్త కెనాన్ కెమేరా మీద దూరాన్ని కూడా చూస్తుంది. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి.

అంటే 1987లో కెనాన్ కొత్త కెమేరా మీద పాత కెనాన్ లెన్సు కన్నా పాత నికాన్ లెన్సే సులువుగా పనిచేసింది! పదేళ్ళు కెనాన్‌కు విధేయంగా ఉండి లెన్సులు కూడబెట్టిన మనిషికి ఆ విధేయత వల్ల ఒరిగిందేమిటి? కెనాన్‌లో ఉండాలన్నా అతను లెన్సులన్నీ మార్చుకోవాల్సిందే. నికాన్‌కు మారినా అంతే. పేరు మీది భక్తికి లెక్కల పుస్తకంలో విలువ సున్నా.

అయితే కెనాన్ చేసింది తప్పా అంటే, చరిత్ర తప్పనదు. ఈఎఫ్ మౌంటు నోరు 54 మిల్లీమీటర్లు వెడల్పు, నికాన్‌ది 44. లెన్సులోనే మోటారు ఉండటం వల్ల పెద్ద టెలిఫోటో లెన్సులు చురుగ్గా ఫోకస్ అయ్యాయి. 1990లలో ఆటల మైదానాల అంచున కెనాన్ తెల్ల లెన్సులు బారులు తీరాయి. నికాన్ పెద్ద టెలిఫోటో లెన్సుల్లో మోటారు 1992లో వచ్చింది, నిశ్శబ్దపు మోటార్లు 1996లో వచ్చాయి.

నికాన్ మౌంటు మార్చలేదన్న మాటలో కూడా చిన్న అక్షరాలున్నాయి. 2006 నాటి డీ40 కెమేరాలో మోటారు లేదు. పాత ఆటోఫోకస్ లెన్సు దానికి బిగుస్తుంది, ఆటోఫోకస్ మాత్రం చేయదు. "సరిపోతుంది" అన్న మాట వినగానే "ఎంతవరకు?" అని అడగాలి.

కొన్న తర్వాత మనసు చేసే పని

1957లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొత్తగా కారు కొన్నవారిని పరిశీలించారు. కారు కొన్నాక మనిషి ఏ కార్ల ప్రకటనలు చదువుతాడు? తాను కొన్న కారువే ఎక్కువగా చదువుతున్నాడని తేలింది. కొనేముందు చదవడంలో అర్థముంది. కొన్నాక ఎందుకు? తన నిర్ణయం సరైనదేనని తనకు తాను చెప్పుకోవడానికి. ఫెస్టింగర్ అదే ఏడాది తన పుస్తకంలో వివరించిన మానసిక వైరుధ్యం ఇదే. జ్యోతిష్యుడికి వెయ్యి రూపాయలిచ్చినవాడు జాతకం నిజమైన సందర్భాలనే ఏరుకున్నట్టు, కెమేరాకు లక్ష పెట్టినవాడు దాన్ని పొగిడే సమీక్షలనే ఏరుకుంటాడు.

1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు మరో ప్రయోగం చేశారు. ఒక నాటకశాలలో సీజన్ టికెట్లు కొనేవారిలో కొందరికి పూర్తి ధరకూ, కొందరికి తగ్గింపు ధరకూ ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది యాదృచ్ఛికం. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారు ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. ఎక్కువ డబ్బు పోయింది కాబట్టి ఎక్కువసార్లు వచ్చారు.

పోయిన డబ్బు తిరిగిరాదు కాబట్టి దాన్ని ముందు నిర్ణయంలోకి లాగకూడదని మాకు బీకాంలోనే చెప్పారు. "ఇన్ని లెన్సులు కొన్నాను, ఇప్పుడెలా వదలను?" అనేవాడు ఆ పాఠం మరిచాడు. "పాతది బోరు కొట్టింది, కొత్తది వచ్చింది" అనేవాడు కూడా లెక్క చేయలేదు. మొదటివాడు గతానికి బందీ, రెండోవాడు ప్రకటనకు బందీ.

వెనకబడ్డవాడు అందుకుంటాడా?

ప్రత్యర్థి ముందుకు పోయాడు సరే, మనవాడు అందుకోవడానికి ఎంతకాలం పట్టింది? తేదీలు చూద్దాం.

ఆటోఫోకస్: మినోల్టా 1985, నికాన్ 1986, కెనాన్ 1987. రెండేళ్ళు.

35 మిల్లీమీటర్ల ఫిల్మంత పెద్ద సెన్సర్: కెనాన్ 2002లో తెచ్చింది. నికాన్ డీ3తో 2007లో అందుకుంది. ఐదేళ్ళు. చీకట్లో తీయడంలో డీ3 అప్పటి కెనాన్‌ను దాటేసింది కూడా.

అదే పెద్ద సెన్సరుతో, అద్దం లేని కెమేరా: సోనీ 2013 అక్టోబరులో ఏ7 తెచ్చింది. నికాన్, కెనాన్ 2018లో దిగాయి. మళ్ళీ ఐదేళ్ళు. ఈలోగా వార్తా సంస్థలు కూడా కదిలాయి. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ తన ఫోటోగ్రాఫర్లందరికీ సోనీ సామగ్రి ఇస్తామని ప్రకటించింది.

ఈ మూడూ చూసి "నాలుగైదేళ్ళు ఓపిక పడితే మనవాడు అందుకుంటాడు" అని సూత్రం కట్టేయకూడదు. నేను లెక్కపెట్టింది బతికి ఉన్నవాళ్ళను మాత్రమే. కాంటాక్స్ కెమేరాలను క్యోసెరా 2005లో ఆపేసింది. కోనికా మినోల్టా 2006లో రంగం వదిలేసింది. ఒలింపస్ తన కెమేరా వ్యాపారాన్ని 2021 మొదట్లో మరొకరికి అప్పగించింది. గుడికి వెళ్ళి బతికినవాళ్ళే కొబ్బరికాయలు కొడతారు, మునిగిపోయినవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి రారు. ఇక్కడా అంతే.

మినోల్టా సంగతి మరీ చూడదగ్గది. అందరికన్నా ముందు ఆటోఫోకస్ తెచ్చింది. హనీవెల్ అనే అమెరికా సంస్థ పేటెంటు దావా వేస్తే 1992లో 12.75 కోట్ల డాలర్లకు రాజీ పడింది. చివరికి ఆ మౌంటు సోనీ చేతికి పోయింది. 1985లో "భవిష్యత్తు ఇదే" అని మినోల్టాకు మారినవాడి తర్కంలో లోపం లేదు. అయినా ముందు వచ్చినవాడే నిలుస్తాడన్న హామీ లేదు.

మనకు ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చింది

మన దేశంలో చాలాకాలం ఈ బాధ లేదు. దిగుమతి లైసెన్సుల కాలంలో మధ్యతరగతి ఇంట కెమేరా అంటే అగ్ఫా క్లిక్ 3. పెద్దది కావాలంటే గల్ఫు నుంచో సింగపూరు నుంచో వచ్చే బంధువును బతిమాలాలి. ఆయన ఏది తెస్తే అదే మన కంపెనీ. ఫిల్ము కోసం ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టింది. ఫ్రాన్సు వారి బోషే సంస్థ సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలై "ఇందు" పేరుతో ఫిల్ము వచ్చింది. గోడలు బలంగా ఉన్నంతకాలం, ప్రత్యర్థి కొత్త సరుకు తెచ్చినా వాడేవాడికి ప్రశ్నే రాలేదు. 1990లలో గోడలు కూలుతుంటే ఆ సంస్థ ఖాయిలా పడింది. 2001 ఏప్రిల్ 1 నాటికి దిగుమతుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు కూడా పోయాయి. బజారులో అన్ని పేర్లూ వరసగా నిలబడ్డాయి.

మారినవారిలో పెద్దవాళ్ళూ ఉన్నారు. రఘు రాయ్ 2003లో బొంబాయిలో ఒక పత్రిక పని మీద ఉండగా నికాన్ డీ100 డిజిటల్ కెమేరా పట్టారు, ఆ తర్వాత ఫిల్ముకు తిరిగి వెళ్ళలేదు. ఫిల్ము మీద మమకారం ఆయనకన్నా ఎవరికి ఎక్కువ ఉంటుంది? పని జరిగే తీరు మారింది, ఆయన మారారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. "మాయాబజార్"లో మార్కస్ బార్ట్లే వెన్నెలను చూసి 1957 నుంచి మనం ముచ్చటపడుతూనే ఉన్నాం. అది ఏ కంపెనీ కెమేరా అని హాల్లో లేచి అడిగినవాడు ఎవడూ లేడు.

మా ఊరి కొలిమి చెప్పే పాఠం

భిలాయి-3లో ఉంటూ ఉక్కు గురించి మాట్లాడకపోతే ఎలా? ప్రత్యర్థి కొత్త యంత్రం తెస్తే ఏం చేయాలన్న ప్రశ్న ఈ ఊరి కర్మాగారానికి పుట్టుకతోనే వచ్చింది.

1952 నవంబరులో ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో ఎల్‌డీ పద్ధతి అనే కొత్త ఉక్కు తయారీ మొదలైంది. కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది, సుమారు 40 నిమిషాల్లో ఒక విడత ఉక్కు తీస్తారు. పాత ఓపెన్ హార్త్ కొలిమిలో అదే పనికి ఎనిమిది, పది గంటలు పట్టేది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయి వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఉక్కు తయారీకి భిలాయికి వచ్చింది ఓపెన్ హార్తే. అదే కాలంలో జర్మన్ల సాయంతో వచ్చిన రూర్కెలాకు ఎల్‌డీ కన్వర్టర్లు వచ్చాయి.

భిలాయి తన కొలిములను మర్నాడే కూల్చేయలేదు. పది లక్షల టన్నుల నుంచి 25 లక్షలకు పెరిగినప్పుడు కూడా ఓపెన్ హార్తే పెంచింది. ఈ రెండో నిర్ణయం మీద వాదించవచ్చు. 40 లక్షల టన్నులకు పెంచే దశలో, 1980లలో, కన్వర్టర్లు పెట్టింది. అప్పుడు కూడా పాత కొలిములను వెంటనే ఆర్పలేదు, కొత్తవాటి పక్కనే నడిపింది.

ఇందులో ఒక లెక్కల సూత్రం ఉంది. చేతిలో ఉన్న యంత్రానికి పెట్టుబడి అయిపోయింది. దాన్ని నడిపే ఖర్చూ, అమ్మితే వచ్చే ధరా చూస్తే చాలు. కొత్త యంత్రానికి మాత్రం పెట్టుబడి, వడ్డీ, నడిపే ఖర్చు అన్నీ చూడాలి. పాతదాన్ని నడిపే ఖర్చు కొత్తదాని మొత్తం ఖర్చును దాటిన రోజున మారాలి. కొత్తది మెరుగైనదని రుజువైనంత మాత్రాన ఆ రోజు వచ్చినట్టు కాదు. కానీ ఎలాగూ కొత్తది కొనవలసి వస్తే మాత్రం, పాత కంపెనీయే అని పట్టుపట్టకూడదు.

రక్షణ లెక్కల శాఖలో మేము చూసిందీ ఇదే. 7.62 మిల్లీమీటర్ల తుపాకి నుంచి 5.56కి మారితే మారేది తుపాకి ఒక్కటే కాదు. తూటాలు, నిల్వలు, విడిభాగాలు, శిక్షణ అన్నీ కదులుతాయి. తుపాకి ధర చూసి సంతకం పెట్టేవాడు లెక్కలవాడు కాడు.

మేనల్లుడి పద్దు

ఈ సూత్రాలన్నీ ఈమధ్య మా ఇంట్లో పనికొచ్చాయి. మా మేనల్లుడు ఇక్కడే పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. చరోదా, దుర్గ్, రాయపూర్ దాకా వెళతాడు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు కెమేరాలకు బొట్టుపెట్టే రకం, అది వేరే చర్చ. ప్రత్యర్థి కంపెనీ కొత్త కెమేరా విడుదల చేసింది. "మావయ్యా, అందరూ మారిపోతున్నారు. మనమే మిగిలిపోయాం. నువ్వు హామీ సంతకం పెడితే లోను వస్తుంది" అన్నాడు. ముందుగా కట్టాల్సిన సొమ్ముకు భార్య గాజులు కుదువ పెట్టే ఆలోచన కూడా ఉందని మా చెల్లెలు చెప్పింది. వాడి కూతురు వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి.

రెండు కంపెనీల పేర్లూ రాయను. రాస్తే చదువరులు లెక్క చూడకుండా పేర్లు చూస్తారు.

ముందు పరీక్ష. కొత్త కెమేరాను అద్దెకు తెప్పించాం. ఒకే పెళ్ళిలో రెండింటితోనూ తీయించి, ఆల్బం సైజులో 24 ప్రింట్లు వేయించాం, చెరి 12. వెనక అంకెలు వేసి కలిపేశాను. ఏది ఏ కెమేరాదో చెప్పమని వాడి మిత్రులు ముగ్గురినీ, ఆల్బం డిజైనరునూ అడిగాను. మొత్తం 96 సమాధానాల్లో 51 సరైనవి. నాణెం ఎగరేసినా 48 వస్తాయి. ఇది చిన్న పరీక్షే, కానీ ప్రింటులో కొట్టొచ్చినట్టు తేడా ఉంటే ఈ అంకె రాదు.

తర్వాత చీకటి పరీక్ష. మన పెళ్ళిళ్ళకు పంతులుగారు అర్ధరాత్రీ తెల్లవారుజామూ చూసి ముహూర్తం పెడతారు కదా. చీకట్లో తీసే కెమేరా అవసరాన్ని సృష్టించింది పంచాంగమే! మసక దీపాల్లో చెరి 200 ఫోటోలు తీస్తే, కళ్ళ మీద ఫోకస్ కుదిరినవి పాతదానిలో 131, కొత్తదానిలో 172. కొత్తది నిజంగా మెరుగు. ఇది ఒప్పుకోకపోతే మనం హేతువాదులం కాదు, కొత్తదంటే గిట్టని ముసలివాళ్ళం.

ఇక జమాఖర్చు. పాత సామానుకు ఆరేళ్ళలో వాడు పెట్టింది 6,40,000 రూపాయలు. ఈ అంకెను కాగితం మీద రాసి వాడి ముందే కొట్టేశాను. ఇప్పుడు అమ్మితే వచ్చేది 1,90,000. కొత్త సెట్టు 5,60,000. తేడా 3,70,000. 14 శాతం వడ్డీకి మూడేళ్ళ వాయిదాలైతే నెలకు సుమారు 12,650, మొత్తం కట్టేది సుమారు 4,55,000. మూడేళ్ళ తర్వాత కొత్త సెట్టు 2,40,000 చేస్తుందనుకుంటే, మారినందుకు నికర ఖర్చు 2,15,000.

మారకుండా, రాత్రి పెళ్ళిళ్ళకు మాత్రం కొత్తదాన్ని అద్దెకు తెచ్చుకుంటే? రోజుకు 2,500. పోయిన ఏడాది అలాంటి రోజులు 18. మూడేళ్ళకు 1,35,000. పాతది అప్పటికి 80,000 చేస్తుందనుకుంటే నికర ఖర్చు 55,000.

తేడా 1,60,000, ఏడాదికి 53,000 చిల్లర. వాడు ఏడాదికి 30 పెళ్ళిళ్ళు చేస్తాడు. అంటే ప్రతి పెళ్ళివారూ కొత్త కెమేరా చూసి సుమారు 1,800 అదనంగా ఇస్తే మారడం గిట్టుబాటు. "ఇస్తారా?" అని అడిగాను. వాడు నవ్వి, "వాళ్ళు డ్రోన్ ఉందా అని అడుగుతారు గానీ కెమేరా ఏదని అడగరు మావయ్యా" అన్నాడు.

అయితే ఈ లెక్క ఎప్పటికీ ఒకే జవాబు చెప్పదు. రాత్రి పెళ్ళిళ్ళు పెరిగితే అద్దె పెరుగుతుంది. ఏడాదికి 40 రోజులైతే మూడేళ్ళ అద్దె 3,00,000, పాతదాని విలువ తీసేస్తే 2,20,000. అప్పుడు మారడమే చౌక. కాబట్టి మా జవాబు "మారకు" కాదు, "40 దాటితే మారు". లెక్క తప్పని రుజువు చేసే అంకె లెక్కలోనే ఉండాలి. అది లేని జవాబును సోది చెప్పే ఎరుకలసాని కూడా చెప్పగలదు.

ఒక హెచ్చరిక కూడా వాడికి చెప్పాను. ఈ రంగమే కుంచించుకుపోతోంది. కెమేరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచవ్యాప్తంగా కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు పంపాయి. 2023లో 80 లక్షలు కూడా లేవు. మిగతావాటిని సెల్‌ఫోను మింగింది. ఏ పెద్ద కంపెనీ కెమేరా కొన్నా ప్రత్యర్థి మరో కంపెనీ కాదు, పెళ్ళికొచ్చిన ప్రతి బంధువు జేబులోనూ ఉన్నాడు. ఇలాంటి చోట మూడేళ్ళ అప్పు చేసేవాడు ఆ మూడేళ్ళూ పని ఉంటుందో లేదో ముందు చూసుకోవాలి.

ప్రస్తుతానికి వాడు అద్దెకే తెచ్చుకుంటున్నాడు. గాజులు బీరువాలోనే ఉన్నాయి. గోడ మీది కేలండరులో రాత్రి పెళ్ళి ఉన్న ప్రతి తేదీకీ వాడే గీత పెడుతున్నాడు. గీతలు 40 దాటిన ఏడాది హామీ సంతకం పెడతానని మాట ఇచ్చాను. పెట్టేముందు కొత్త ధరలతో లెక్క మళ్ళీ ఒకసారి వేస్తాం.